పంప్‌కు మారిన తొలి వారాలు: సెట్ మార్చిన రోజున షుగర్ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు చిన్నప్పటి నుంచి టైప్ 1 మధుమేహం ఉంది. ఇంతకాలం పెన్నుతోనే ఇన్సులిన్ తీసుకుంటూ వచ్చాను. రాత్రికి ఒకసారి దీర్ఘకాలం పనిచేసే రకం, ప్రతి భోజనానికి ముందు త్వరగా పనిచేసే రకం. తెల్లవారుజామున షుగర్ పెరగడం ఎంతకీ అదుపులోకి రాకపోవడంతో, డాక్టరు గారి సలహా మేరకు కొద్ది వారాల క్రితం ట్యూబ్ ఉన్న ఇన్సులిన్ పంప్‌కు (సన్నని గొట్టం ద్వారా ఒంట్లోకి ఇన్సులిన్ పంపే చిన్న యంత్రం) మారాను. తెల్లవారుజాము సమస్య నిజంగానే తగ్గింది. అయితే కొత్త చిక్కులు వచ్చిపడ్డాయి కాబట్టి, పంప్‌ను చాలాకాలంగా వాడుతున్నవారి అనుభవం తెలుసుకోవాలని రాస్తున్నాను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది ఇన్ఫ్యూజన్ సెట్ (పంప్ నుంచి వచ్చే ట్యూబ్, చర్మం కిందికి దిగే దాని కొన) మార్చిన రోజు. మూడు రోజులకొకసారి రాత్రి భోజనం ముగించి, పడుకునే ముందు సెట్ మారుస్తున్నాను. ఆ రాత్రి చాలాసార్లు షుగర్ 250 దాటుతోంది. పంప్ నుంచి కరెక్షన్ (పెరిగిన షుగర్‌ను దించే అదనపు డోసు) ఇస్తే ఒక్కోసారి దిగుతుంది, ఒక్కోసారి దిగనే దిగదు. పంప్ మాత్రం ఏ అలారమూ మోగించదు, తెర మీద అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండోది నిద్ర. ట్యూబ్ ఎక్కడ ఒత్తుకుంటుందో, ఎక్కడ ఊడిపోతుందో అన్న బెంగతో ఒకసారి, ఒంటికి అంటించుకున్న షుగర్ సెన్సర్ అలారంతో ఒకసారి మెలకువ వస్తోంది. మూడోది చెప్పడం కొంచెం కష్టం. ఇంజెక్షన్ తీసుకున్నంత సేపే జబ్బు గుర్తొచ్చేది. ఇప్పుడు అది నడుముకు తగిలించుకున్న వస్తువై రోజంతా నాతోనే ఉంటోంది. ఇది కొన్నాళ్లకు అలవాటయ్యేదేనా, లేక పంప్ నాకు సరిపడదని దీని అర్థమా? ముందుగా దేన్ని సరిచేసుకోవాలో దయచేసి చెప్పండి.


సమాధానం (చాలా ఏళ్లుగా పంప్ వాడుతున్న సభ్యుడు)

నమస్కారమండీ. మీ మూడు ప్రశ్నల్లో సెట్ విషయాన్ని ముందు చూడాలి, ఎందుకంటే మిగిలిన రెండూ ఇబ్బందులే కానీ ఇది ప్రమాదానికి దారి తీయగలదు.

పెన్ను వాడినంత కాలం మీ ఒంట్లో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఎప్పుడూ కొంత నిల్వ ఉండేది. భోజనం డోసు ఒకటి తప్పినా అది అడుగున కాపు కాసేది. పంప్‌లో ఆ రకం ఉండదు. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌నే అది బేసల్ (రోజంతా ఆగకుండా వెళ్లే మూల మోతాదు) రూపంలో గంటగంటకూ కొద్దికొద్దిగా అందిస్తుంది. కాబట్టి సరఫరా ఆగిపోతే, ఒంట్లో ఉన్న ఆ కాస్తా కొద్ది గంటల్లోనే అయిపోయి, షుగర్ పెరగడమే కాక కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే, రక్తాన్ని ఆమ్లంగా మార్చే పదార్థాలు) కూడా తయారవుతాయి. ఇన్సులిన్ నిజంగా ఒంట్లోకి వెళుతోందా లేదా అని నిర్ధారించుకునే అలవాటే, నా దృష్టిలో, పంప్‌కు అలవాటుపడటంలో అసలు భాగం.

అలారం మోగలేదని నిశ్చింతగా ఉండకూడదు. ట్యూబ్‌లో ఒత్తిడి పెరిగినప్పుడే పంప్ అడ్డంకి ఉందని గుర్తిస్తుంది. బేసల్ గంటకు అర యూనిట్ చొప్పున వెళ్లేవారికి ఆ ఒత్తిడి పెరగడానికే గంటలు పట్టవచ్చు. ఇక క్యాన్యులా (చర్మం కింద ఉండే సెట్ సన్నని గొట్టం) చర్మం లోంచి బయటికి జారి ఇన్సులిన్ పైన కారిపోతున్నట్టయితే ఒత్తిడి అసలు పెరగదు, అందువల్ల అలారం మోగే అవకాశమే లేదు. పంప్ తన లెక్క ప్రకారం అన్ని యూనిట్లూ ఇచ్చినట్టే చూపిస్తుంది.

అటువంటప్పుడు మీ ముక్కు పనికొస్తుంది. ఇన్సులిన్ చెడిపోకుండా కలిపే పదార్థాలకు, గాయాలు కడిగే మందును పోలిన ఒక ఘాటైన వాసన ఉంటుంది. అతుకు పట్టీ దగ్గర ఆ వాసన వచ్చినా, వేలితో తాకితే తడి తగిలినా సెట్ కారుతోందని అర్థం. తీసేసిన సెట్‌ను వెంటనే పారేయకుండా వెలుతురులో ఒకసారి చూడండి. మెత్తటి క్యాన్యులా కొన వంగి మడత పడి ఉంటే, ఆ రాత్రి కరెక్షన్ ఎందుకు పనిచేయలేదో దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది. పదేపదే అలా వంగుతుంటే పొట్టి క్యాన్యులా గానీ, ఏటవాలుగా దిగే రకం గానీ, సన్నని స్టీలు సూది ఉన్న సెట్ గానీ మీ డాక్టరు గారు సూచించవచ్చు. స్టీలు సూది వంగదు, కాకపోతే దాన్ని మరింత తరచుగా మార్చాల్సి ఉంటుంది.

రెండో సంగతి, సెట్ మార్చే వేళ. పడుకునే ముందు మారిస్తే, అది సరిగ్గా దిగిందో లేదో మీరు నిద్రపోయాక తేలుతుంది. పగటిపూట, ఏదో ఒక భోజనానికి ముందు మార్చండి. అప్పుడు భోజనపు బోలస్ (ఒకేసారి ఇచ్చే డోసు) కొత్త క్యాన్యులా గుండానే వెళుతుంది. గంటన్నర, రెండు గంటల తరువాత షుగర్ చూస్తే సెట్ పనిచేస్తోందో లేదో మీరు మెలకువగా ఉండగానే తెలిసిపోతుంది.

రిజర్వాయర్ (పంప్‌లో ఇన్సులిన్ నింపే గొట్టం) నింపేటప్పుడు కూడా కొంత జాగ్రత్త కావాలి. ఫ్రిజ్ లోంచి తీసిన చల్లటి ఇన్సులిన్‌ను వెంటనే నింపితే, అది వెచ్చబడుతున్నకొద్దీ అందులో కరిగి ఉన్న గాలి బుడగలై బయటపడుతుంది. చర్మం కింద ఆ గాలి హాని చేయదు, కానీ బుడగ ఉన్నంత మేర మీకు చేరవలసిన ఇన్సులిన్ చేరదు. సీసాను గది వేడికి రానిచ్చి, ఆ తరువాతే నింపండి. ట్యూబ్‌ను నింపే సమయంలో మాత్రం అది మీ ఒంటికి తగిలించి ఉండకూడదు. ఆ నింపే ఇన్సులిన్ అంతా ఒంట్లోకి వెళితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. మెత్తటి క్యాన్యులా ఉన్న సెట్ అయితే, ఒంటికి పెట్టుకున్నాక క్యాన్యులాను నింపే చిన్న దశ ఒకటి ఉంటుంది. దాన్ని దాటవేయకండి.

కారణం లేకుండా షుగర్ 250 దాటినప్పుడు నేను పాటించే క్రమం చెబుతాను. మీ డాక్టరు గారిచ్చిన సూచనలతో పోల్చి చూసుకోండి. ముందు కీటోన్ పరీక్ష చేస్తాను. రక్తంలో కీటోన్లు లీటరుకు 0.6 మిల్లీమోల్ కంటే తక్కువగా ఉంటే పంప్ నుంచి ఒక కరెక్షన్ ఇచ్చి, గంట నుంచి రెండు గంటల్లోపు మళ్లీ చూస్తాను. దిగకపోతే రెండోసారి పంప్‌ను నమ్మను. కరెక్షన్ డోసును పెన్నుతో తీసుకుని సెట్ మొత్తం మార్చేస్తాను. కీటోన్లు మొదటే 0.6 దాటి ఉంటే నేరుగా పెన్ను, కొత్త సెట్. 1.5 దాటితే డాక్టరు గారికి ఫోన్ చేయాలి. 3 చేరినా, వాంతులు మొదలైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పెన్నుతో తీసుకున్న డోసు సంగతి పంప్‌కు తెలియదు కాబట్టి, తరువాతి నాలుగు గంటలూ అది చూపించే ‘ఒంట్లో ఇంకా పనిచేస్తున్న ఇన్సులిన్’ లెక్కను యథాతథంగా నమ్మి మరో కరెక్షన్ ఇవ్వకండి. చేతితో నమోదు చేసే సదుపాయం మీ పంప్‌లో ఉంటే అక్కడ రాయండి.


సమాధానం (పంప్ వాడుతున్న ఒకరి భర్త)

నిద్ర గురించి మాత్రమే రాస్తాను. నా భార్య పంప్‌ను పడక మీద విడిగా వదిలేస్తుంది, నేనయితే మెత్తటి నడుము పట్టీలో పెట్టుకోమని పోరేవాణ్ణి. ఆమె పద్ధతే ఆమెకు సుఖంగా ఉంది. సెట్లు వేర్వేరు పొడవు ట్యూబులతో దొరుకుతాయి. అటూ ఇటూ బాగా దొర్లేవారికి పొడవాటి ట్యూబ్, దుస్తుల లోపల నుంచి తీసుకుని బయట చిన్న మెలిక మాత్రమే ఉండేలా పెట్టుకుంటే, తలుపు గడియలకూ కుర్చీ చేతులకూ తగులుకోదు. నిద్రలో ట్యూబ్ కింద పడి నలిగినంత మాత్రాన సరఫరా ఆగిపోవడం అరుదు.

అలారాల విషయంలో, షుగర్ తగ్గినప్పుడు మోగే హెచ్చరికను ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి. పెరిగినప్పుడు మోగేదాన్ని 180 దగ్గర పెట్టుకుంటే తొలి వారాల్లో అది రాత్రంతా మోగుతూనే ఉంటుంది. డాక్టరు గారితో మాట్లాడి మొదట 250 దగ్గర పెట్టుకుని, సెట్టింగులు కుదురుకున్న కొద్దీ దించుకుంటూ రావడం మేలు. ఇంకొకటి. సెన్సర్ ఉన్న వైపు ఒత్తిగిలి పడుకుంటే ఆ చోట ఒత్తిడి వల్ల లేని ‘లో’ (షుగర్ తగ్గినట్టు) కనిపిస్తుంది. గీత ఉన్నట్టుండి నిటారుగా కిందికి పడి, పక్కకు తిరగగానే మళ్లీ లేచిందంటే చాలావరకు అదే. అయినా ఊహ మీద ఆధారపడకుండా వేలి నుంచి రక్తం తీసి మీటర్‌తో చూసి, అప్పుడే నిర్ణయించుకోండి.


సమాధానం (డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్న నర్సు)

పైన చెప్పినవన్నీ సరైనవే. సెట్ మార్చని రోజుల్లో కూడా షుగర్ ఎగుడుదిగుడుగా ఉంటే, బేసల్ ఇంకా కుదరలేదని అనుమానించాలి.

పంప్ మొదలుపెట్టేటప్పుడు వేసే అంకెలు ఒక అంచనా మాత్రమే. ఉదాహరణకు, పెన్నుతో రోజుకు మొత్తం 40 యూనిట్లు తీసుకుంటున్నవారికి సాధారణంగా పాతిక శాతం వరకు తగ్గించి 30 యూనిట్ల దగ్గర ప్రారంభిస్తారు. అందులో సగం, అంటే 15 యూనిట్లు, బేసల్‌గా 24 గంటలకూ పంచితే గంటకు సుమారు 0.6 యూనిట్ అవుతుంది. మనిషి శరీరానికి రోజంతా ఒకే మోతాదు సరిపోదు. మీరు చెప్పిన తెల్లవారుజాము పెరుగుదలే దానికి సాక్ష్యం. అందువల్ల రోజంతా ఒకేలా ఉన్న ఆ మోతాదును మీ శరీరానికి తగినట్టు మలచుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ కాలంలో కనిపించే హెచ్చుతగ్గులను చూసి పంప్ మీకు పడదని తేల్చేయకండి.

బేసల్‌ను పరీక్షించే పద్ధతి ఇలా ఉంటుంది: రోజును రాత్రి, పగటి భాగాలుగా విడదీసి ఒక్కోదాన్ని విడిగా చూడాలి. చివరి భోజనం, చివరి బోలస్ అయి కనీసం నాలుగు గంటలు గడిచాక, షుగర్ మరీ ఎక్కువగానో తక్కువగానో లేనప్పుడు మొదలుపెట్టి, ఏమీ తినకుండా ఆ భాగం ముగిసేవరకు గమనించాలి. షుగర్ 30కి మించి పెరిగినా తగ్గినా ఆ భాగంలో బేసల్ మార్చాల్సి ఉంటుంది; మార్పు సాధారణంగా పది శాతం చొప్పున, అదీ పెరుగుదల కనిపించిన సమయానికి ఒకటి రెండు గంటల ముందు నుంచి అమలయ్యేలా చేస్తారు, ఎందుకంటే చర్మం కింద చేరిన ఇన్సులిన్ పనిచేయడానికి సమయం పడుతుంది. మధ్యలో 70 కంటే తగ్గితే పరీక్ష ఆపేసి గ్లూకోజ్ తీసుకోవాలి. జ్వరంగా ఉన్నప్పుడు, బాగా వ్యాయామం చేసినప్పుడు, ముందు రోజు తీవ్రంగా ‘లో’ అయినప్పుడు ఈ పరీక్ష చేయకూడదు. మొదట రాత్రి భాగాన్ని పరీక్షించి, ఆ తరువాతే పగటి భాగాలను చూడాలి. బేసల్, కార్బ్ నిష్పత్తి (ఎన్ని గ్రాముల కార్బోహైడ్రేట్‌కు ఒక యూనిట్ ఇన్సులిన్), కరెక్షన్ అంకె (ఒక యూనిట్ షుగర్‌ను ఎంత దించుతుందో) మూడింటినీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో మీకు గానీ డాక్టరుకు గానీ తెలియదు.

మీ పంప్ సెన్సర్‌తో కలిసి తానే బేసల్ సర్దుకునే రకం అయితే ఈ పరీక్ష నేరుగా వర్తించదు. 2016లో అమెరికాలో అనుమతి పొందిన తొలి హైబ్రిడ్ క్లోజ్డ్ లూప్ పంప్ తరువాత అటువంటివి చాలానే వచ్చాయి. వాటిలోనూ భోజనంలోని కార్బోహైడ్రేట్లను లెక్కగట్టి బోలస్ ఇవ్వాల్సిన పని మాత్రం ఎక్కువగా మనదే. క్యాన్యులా వంగితే వాటికీ తెలియదు.

మీ మూడో ప్రశ్నకు ఒక్క మాట. జబ్బు రోజంతా ఒంటిమీద కనిపిస్తూ ఉండటం చాలామందికి బాధగానే ఉంటుంది, అందులో మీ బలహీనత ఏమీ లేదు. అంకెను చూడటానికి కొన్ని వేళలు నిర్ణయించుకుని, మిగతా సమయాన్ని అలారాలకు వదిలేసినవారికి ఆ భారం తగ్గడం నేను చూశాను. అంతా సర్దుకున్నాక కూడా పంప్ వద్దనిపిస్తే తిరిగి పెన్నుకు వెళ్లడం మీ హక్కు.


ప్రశ్న అడిగినవారి స్పందన

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న పగటి భోజనానికి ముందు సెట్ మార్చాను. రెండు గంటల తరువాత 160 ఉంది, రాత్రి నిద్ర కూడా పట్టింది. పాత సెట్ కొన వంగి లేదు. అయితే అది పెట్టిన చోట, బొడ్డుకు కుడి పక్కన, వేళ్లతో తడిమితే చర్మం కింద మెత్తని గడ్డలాంటి ఉబ్బు తగులుతోంది. పెన్ను రోజుల నుంచి అక్కడే ఎక్కువగా పొడుచుకునేదాన్ని, నొప్పి తెలియదని. కారణం ఇదే కావచ్చా? స్నానానికి పంప్ తీసేసినప్పుడు ఎంతసేపు ఫరవాలేదో కూడా చెప్పండి.


సమాధానం (చాలా ఏళ్లుగా పంప్ వాడుతున్న సభ్యుడు)

కావచ్చండీ. ఒకేచోట ఏళ్ల తరబడి ఇన్సులిన్ పడితే చర్మం కింద కొవ్వు అలా ఉబ్బుతుంది. అక్కడ సూది నొప్పి తక్కువే, కానీ ఇన్సులిన్ ఒకరోజు నెమ్మదిగా, మరొకరోజు వేగంగా రక్తంలోకి చేరుతుంది. డాక్టరు గారికి ఆ చోటు చూపించండి. అది తగ్గడానికి నెలలు పట్టవచ్చు, అంతవరకు దాని జోలికి వెళ్లకండి. పొట్ట ఎడమ వైపు, నడుము పక్కలు, తొడల పైభాగం, పిరుదుల పైభాగం వాడుకోవచ్చు. ప్రతిసారీ పాత చోటుకు కనీసం రెండు మూడు వేళ్ల దూరం ఉండాలి.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరిగా గుర్తుంచుకోండి. ఆ గడ్డలో పెట్టినప్పుడు సరిపోయిన మోతాదు, ఆరోగ్యంగా ఉన్న చర్మంలో పెట్టగానే ఎక్కువైపోయే అవకాశం ఉంది. కాబట్టి చోటు మార్చే ముందే డాక్టరు గారిని అడిగి మోతాదు తగ్గించాలేమో తెలుసుకోండి. మొదటి కొద్ది రోజులు షుగర్ తరచుగా చూసుకుంటూ, 15 గ్రాముల గ్లూకోజ్ ఎప్పుడూ చేతికందేలా, రాత్రి మంచం పక్కన కూడా ఉంచుకోండి.

స్నానానికి గంటలోపు తీసేస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అంతకు మించితే తప్పిన బేసల్‌ను ఎలా భర్తీ చేసుకోవాలో ముందే అడిగి ఉంచుకోండి. ఎంఆర్‌ఐ స్కాన్‌కు పంప్‌ను గది బయటే వదలాలి. బేసల్ వేళలు, నిష్పత్తులు, కరెక్షన్ అంకె ఒక కాగితం మీద రాసి, పెన్నులతో పాటు అదే సంచిలో పెట్టండి. పంప్ పాడైతే లోపలి అంకెలు కూడా దానితోపాటే పోవచ్చు. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ పెన్ను కూడా గడువు తేదీ చూసి ఇంట్లో ఒకటి ఉంచుకోండి, దాని డోసు ఎంతో అదే కాగితం మీద డాక్టరు గారి చేత రాయించుకోండి.