ముగ్గురు ఆర్బిట్రేటర్లలో ఒకరు మహిళ అయి తీరాలని చట్టం పెట్టాలా?

శామీర్‌పేట ఫైనలియర్:

మొన్న శనివారం సిటీలో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ మీద ఒక సదస్సుకు వెళ్లాను. వేదిక మీద ఆరు కుర్చీలు, ఆరింట్లోనూ మగవాళ్లే. జ్యోతి ప్రజ్వలనకు అగ్గిపెట్టె అందించిందీ, చివర్లో వందన సమర్పణ చేసిందీ మాత్రం మహిళా న్యాయవాదులు. అప్పటి నుంచి ఈ ప్రశ్న బుర్ర తినేస్తోంది.

సంగతి తెలియనివాళ్ల కోసం: వేర్వేరు దేశాల కంపెనీలు కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ‘గొడవ వస్తే కోర్టుకు వద్దు, మనం ఎంచుకున్నవాళ్లే తేల్చాలి’ అని రాసుకుంటాయి. అలా తేల్చేవాళ్లే ఆర్బిట్రేటర్లు. మామూలుగా ఇటు ఒకరు, అటు ఒకరు, ఆ ఇద్దరూ కలిసి ఎంచుకునే అధ్యక్షులు ఒకరు. వాళ్లిచ్చే తీర్పును అవార్డు అంటారు. 1958 నాటి న్యూయార్క్ కన్వెన్షన్ కింద దాన్ని నూట డెబ్భైకి పైగా దేశాల్లో అమలు చేయించుకోవచ్చు.

ఆ ముగ్గురిలో ఆడవాళ్లెందరు? పెద్ద ఆర్బిట్రేషన్ సంస్థల లెక్కలు కలిపి ఐసీసీఏ అనే అంతర్జాతీయ మండలి చెప్పింది: 2015 నియామకాల్లో 12.2 శాతం, 2021లో 26.1 శాతం. పెరిగింది, కాదనను. కానీ 2016లో లండన్‌లో మొదలైన సమాన ప్రాతినిధ్య ప్రతిజ్ఞ మీద సంతకం చేసినవాళ్లే వేలల్లో ఉన్నారు. అందరూ సంతకం చేశాక కూడా నలుగురిలో ఒక్కరేనా?

నా వాదన సూటిగా చెప్తాను. మన 1996 ఆర్బిట్రేషన్ చట్టంలోనే ‘ముగ్గురుంటే ఒకరు మహిళ’ అని ఒక సెక్షన్ పెట్టేయాలి. ఏమంటారు?

కూకట్‌పల్లి కాంట్రాక్టర్:

ఏమంటాను చెల్లె. నాకు ఒక విదేశీ కంపెనీ దగ్గర తొమ్మిది కోట్ల బిల్లు ఇరుక్కుంది. మెషిన్లు వాళ్లవి, పని నాది, మూడేళ్లుగా పైసా రాలేదు. పోయిన వారమే నోటీసు వచ్చిపోయింది, ఇప్పుడు నా తరఫు ఆర్బిట్రేటర్ పేరు నేను చెప్పాలి. ఫీజు కట్టేది నేను, ఓడితే మునిగేది నేను. పెళ్లి నాదైతే పిల్లను సర్కారు చూస్తుందా? ఆడా మగా అనే పట్టింపు నాకు లేదు. డ్రాయింగ్ చదవడం రావాలి, ఫైలు చివరిదాకా చదివే ఓపిక ఉండాలి, అంతే.

నల్లకుంట పాఠకుడు:

మా ఊళ్లో పంచాయితీకి ‘పెద్దమనుషులు’ అంటే చిన్నప్పటి నుంచీ మగవాళ్లే. మీరు చెప్పేది వింటుంటే అదే రచ్చబండకు ఏసీ పెట్టినట్టుంది.

మదీనా వకీలు:

అమ్మా, నీ కోపంలో న్యాయం ఉంది, నువ్వు చెప్పిన మందు మాత్రం రోగానికి సరిపోదు. ఈ వ్యవహారమంతా నిలబడేది ఒప్పందం మీద. న్యూయార్క్ కన్వెన్షన్ అయిదో ఆర్టికల్ చూడు. ట్రిబ్యునల్ (అంటే ఆ ఆర్బిట్రేటర్ల బృందం) కూర్పు పార్టీల ఒప్పందం ప్రకారం లేకపోతే ఆ కారణం మీద అవార్డు అమలుకు కోర్టు ఒప్పుకోకపోవచ్చు. ఇష్టం లేని షరతు చట్టంలో పెడితే పార్టీలు నీతో వాదించవు, సీటును సింగపూర్‌కు మార్చుకుంటాయి. (ఆర్బిట్రేషన్‌లో సీటు అంటే కుర్చీ కాదు, ఏ దేశపు చట్టం కింద విచారణ నడుస్తుందో ఆ చోటు. ఈ తేడా తెలియక క్లాజులు రాసేవాళ్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.) 2021 డిసెంబర్‌లో మొదలైన మన హైదరాబాద్ ఆర్బిట్రేషన్ సెంటర్ ఇంకా కాళ్లు కూడదీసుకుంటోంది. దానికి రాయదుర్గంలో ఇచ్చిన మూడున్నర ఎకరాల కేటాయింపును 2025లో మన హైకోర్టే కొట్టేసింది. వచ్చే కేసులను కూడా మనమే తరిమేద్దామా?

ఇంకో మాట. ఆర్బిట్రేటర్ ఎవరి ఉద్యోగీ కాదు. జీవ్‌రాజ్, హష్వానీ అనే ఇద్దరు వ్యాపారులు తమ ఆర్బిట్రేటర్లు ఇస్మాయిలీ సమాజం వాళ్లే కావాలని రాసుకున్నారు. అది మత వివక్ష అంటూ హష్వానీ కోర్టుకెక్కారు. 2011లో బ్రిటన్ సుప్రీం కోర్టు ఏమంది? ఆర్బిట్రేటర్ ఒకరి కింద పనిచేసే మనిషి కాదు, ఉద్యోగాల్లో వివక్ష నిబంధనలు ఆయనకు వర్తించవు, ఆ క్లాజు చెల్లుతుంది అంది. ఎంచుకునే స్వేచ్ఛ అంత గట్టిది.

శామీర్‌పేట ఫైనలియర్:

సార్, ఆ కేసు నా వైపు కూడా పలుకుతుంది కదా. ‘ఇస్మాయిలీలే కావాలి’ అని రాసుకోవచ్చంటే ‘ఒకరైనా మహిళ కావాలి’ అనీ రాసుకోవచ్చు. న్యూయార్క్‌లోని సీపీఆర్ అనే వివాద పరిష్కార సంస్థ అలాంటి నమూనా క్లాజు తయారుచేసి పెట్టింది కూడా. మీ ఆఫీసు నుంచి బయటికెళ్లే కాంట్రాక్టుల్లో ఎప్పుడైనా పెట్టారా?

మదీనా వకీలు:

లేదు. క్లయింట్ అడగలేదు. నేనూ చెప్పలేదు, ఒప్పుకుంటాను.

గచ్చిబౌలి లీగల్:

నేను ఒక కంపెనీలో ఇన్‌హౌస్ లాయర్‌ని. పేర్లు ఎలా వస్తాయో లోపలి సంగతి చెప్తాను.

అవతలివాళ్ల నోటీసు అందాక మన ఆర్బిట్రేటర్‌ను చెప్పడానికి చట్టంలో ఉన్న గడువు ముప్పై రోజులు. అందులో ఇరవై రోజులు మా ఫైనాన్స్ వాళ్లు ‘అసలు సెటిల్ చేసుకుందామా’ అని మీటింగులు పెడతారు. మిగతా పది రోజుల్లో లా ఫర్మ్ నుంచి ముగ్గురి పేర్లు వస్తాయి. ముగ్గురూ రిటైర్డ్ జడ్జిలే. మా పైవాళ్లకు తెలిసిన పేరు మీద టిక్కు పడుతుంది. పేరున్న పెద్దాయనను పెట్టి ఓడిపోతే ఎవరూ ఏమీ అడగరు. కొత్త పేరు పెట్టి ఓడిపోతే మాత్రం ‘ఆమె పేరు చెప్పిందెవరు’ అని మెయిల్ వస్తుంది. ఆ మెయిల్‌కు జవాబిచ్చే ధైర్యం నాకు ఇప్పటిదాకా రాలేదు.

చెల్లెమ్మ ఇచ్చిన లెక్కను ఇంకాస్త విడదీస్తే ఇదే కనిపిస్తుంది. 2019లో సంస్థలు స్వయంగా చేసిన నియామకాల్లో మహిళలు 34 శాతం. ఇద్దరు ఆర్బిట్రేటర్లు కలిసి మూడో మనిషిని ఎంచుకున్నప్పుడు 21.5. పార్టీలు, అంటే మాలాంటి కంపెనీలు, ఎంచుకున్నప్పుడు 13.9. ప్రతిజ్ఞ మీద సంతకం చేసేదీ మేమే, వెనక్కు లాగేదీ మేమే.

కూకట్‌పల్లి కాంట్రాక్టర్:

నిజమే చెప్పావు తమ్ముడూ. నాకూ మూడు పేర్లే వచ్చాయి. ముగ్గురూ పెద్ద సార్లే.

రిటైర్డ్ ఎస్.ఈ.:

ఇరిగేషన్‌లో ముప్పై నాలుగేళ్లు చేసి, దిగిపోయాక పదకొండు కేసుల్లో టెక్నికల్ ఆర్బిట్రేటర్‌గా కూర్చున్నాను. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో సివిల్‌లో ఆడపిల్ల ఒక్కరూ లేరు. ఇప్పుడు రిటైరయ్యే వయసులో ఉన్నది మా తర్వాతి రెండు మూడు బ్యాచ్‌లే. చెట్టు నాటకుండా పండు కోయలేం. ఇప్పుడు ఏఈలుగా చేరుతున్న అమ్మాయిలను చూస్తే ఇంకో ఇరవై ఏళ్లకు ఈ ప్రశ్నే ఉండదు.

మదీనా వకీలు:

జడ్జిల సంగతీ అంతే సార్. సుప్రీం కోర్టులో 1989లో ఫాతిమా బీవీ గారి నుంచి మొదలుపెట్టి, 2021 ఆగస్టు 31న ముగ్గురు మహిళలు ఒకేరోజు ప్రమాణం చేసినదాకా లెక్కపెడితే మొత్తం పదకొండు మంది. ఆ ముగ్గురిలో ఒకరు హిమా కోహ్లీ గారు, అంతకుముందు మన తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి. రిటైర్డ్ జడ్జిలనే ఆర్బిట్రేటర్లుగా పెట్టే అలవాటున్న దేశంలో, జడ్జిల్లోనే మహిళలు పదకొండు మందైతే ఆర్బిట్రేటర్లు ఎక్కడి నుంచి వస్తారు?

శామీర్‌పేట ఫైనలియర్:

అంటే తప్పు ఆ అలవాటుది కదా సార్, లెక్కది కాదు! ఆర్బిట్రేటర్ జడ్జిగా చేసి ఉండాలని చట్టంలో ఎక్కడుంది? 2019 సవరణలో అర్హతలంటూ ఎనిమిదో షెడ్యూల్ తెచ్చారు, 2021లో దాన్నీ తీసేశారు. ఇందూ మల్హోత్రా గారు 2018లో నేరుగా న్యాయవాదుల బార్ నుంచి సుప్రీం కోర్టు జడ్జి అయ్యారు. అప్పటికే ఆర్బిట్రేషన్ లాయర్‌గా ఆమెకు పెద్ద పేరు. ప్యారిస్‌లోని ఐసీసీ ఆర్బిట్రేషన్ కోర్టుకు 2021 నుంచి అధ్యక్షురాలిగా ఉన్న క్లాడియా సాలమన్ కూడా ఎప్పుడూ జడ్జిగా చేయలేదు, లాయరే. ఇంకో ఇరవై ఏళ్లు ఆగండి అంటే, అప్పటికి నాకు నలభై దాటుతాయి.

సెకండ్ చైర్:

ఎక్కువగా రాయను ఇక్కడ, కానీ ఈ చర్చ చూశాక ఉండలేకపోయాను. పదమూడేళ్లుగా ఆర్బిట్రేషన్ పనే చేస్తున్నాను. మహిళని. అయినా చట్టం వద్దనే అంటాను. ఎందుకో చెప్పనివ్వండి, చెల్లీ, తొందరపడకు.

మొదటి సంగతి, నీ చట్టం ముగ్గురున్నచోటే పనిచేస్తుంది. ఒక్కరే ఉంటే? మన సత్యం కంప్యూటర్స్‌కు, అమెరికా కంపెనీ వెంచర్ గ్లోబల్‌కు జాయింట్ వెంచర్ గొడవ వచ్చినప్పుడు లండన్‌లోని ఎల్‌సీఐఏ అనే ఆర్బిట్రేషన్ సంస్థ కింద తేల్చింది ఒక్కరే. 2006లో అవార్డు వచ్చింది, తర్వాత అది సికింద్రాబాద్ కోర్టు నుంచి సుప్రీం కోర్టు దాకా తిరిగింది. ఉన్నది ఒక్క కుర్చీ అయితే అక్కడ నీ సెక్షన్‌కు పనిలేదు.

రెండోది ఇంకా ముఖ్యం. శాతాలు లెక్కపెట్టేది నియామకాలను, మనుషులను కాదు. పెట్టుబడుల వివాదాల మీద 2014లో వచ్చిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, మహిళలకు దక్కిన నియామకాల్లో నాలుగింట మూడొంతులు ఇద్దరివే: బ్రిజిట్ స్టెర్న్, గాబ్రియెల్ కాఫ్‌మన్-కోలర్. ఇద్దరూ మహా సమర్థులు, అనుమానం లేదు. కానీ తలుపు తెరిచింది ఇద్దరికే. రేపు ఇక్కడ చట్టం వస్తే గచ్చిబౌలి తమ్ముడి లిస్టులోకి ఇద్దరు రిటైర్డ్ మహిళా జడ్జిల పేర్లు చేరతాయి. ప్రతి కేసులోనూ ఆ ఇద్దరే. నాలాంటివాళ్లు అక్కడే ఉంటాం.

అసలు ఇబ్బంది ఎక్కడుందో నాకు జరిగింది చెప్తే అర్థమవుతుంది. ఒక పవర్ ప్లాంట్ కేసు, సీటు సింగపూర్. క్లెయిమ్ స్టేట్‌మెంట్ రాసింది నేను. ఆలస్యానికి కారణాలన్నీ తేదీలవారీగా చార్టు వేసింది నేను. అవతలి ఎక్స్‌పర్ట్‌ను క్రాస్ ఎగ్జామిన్ చేయడానికి నూట నలభై ప్రశ్నలు రాసిపెట్టింది నేను. అక్కడ తొమ్మిదిన్నరకు హియరింగ్ అంటే మనకు ఏడు గంటలు, వారం రోజులు చీకటితోనే ఆఫీసులో ఉన్నాను. స్క్రీన్ మీద ప్రశ్నలడిగింది సీనియర్. ఆయన తడబడినప్పుడల్లా నేను స్లిప్ జరిపాను. అవార్డు వచ్చింది, గెలిచాం. మా తరఫు లాయర్ల జాబితాలో రెండు పేర్లున్నాయి, నాది లేదు. అడిగితే ‘అయ్యో, టైపింగ్‌లో పోయింది’ అన్నారు. నిజంగానే టైపింగ్‌లో పోయి ఉండవచ్చు, దాని గురించి ఏడవను.

ఇదే కోర్టులో అయితే? ఓపెన్ హాల్. ఎవరు ఎలా వాదించారో వెనక కూర్చున్న నలభై మంది చూస్తారు, సాయంత్రానికి క్యాంటీన్‌లో మాట పాకుతుంది. ఆర్బిట్రేషన్‌లో తలుపులు మూసి ఉంటాయి. సెక్షన్ 42ఏ గోప్యత పాటించమంటుంది, అది అవసరమే. కానీ దానివల్ల గదిలో ఎవరు బాగా చేశారన్నది ఆ గదిలోని పదిమందికే తెలుస్తుంది. రేపు ఆర్బిట్రేటర్‌గా ఎవరి పేరు చెప్పాలన్నా ఆ పదిమంది నోటి నుంచే రావాలి. నోరు విప్పే అవకాశమే లేనిదాన్ని వాళ్లకు గుర్తుండేదెలా? కోపమొచ్చినప్పుడు నాకు అనిపిస్తుంది, 13.9 శాతం అక్కడే పుట్టిందని.

అందుకే నేను అడిగేది చట్టం కాదు. క్రాస్‌లో ఇద్దరు సాక్షులను ఫైలు తయారుచేసిన జూనియర్‌కు వదలండి. ఆ మాట క్లయింట్ చెప్తే సీనియర్ కాదనలేడు, ఎందుకంటే ఫీజు ఇచ్చేది క్లయింట్.

రిటైర్డ్ ఎస్.ఈ.:

మేడమ్, ట్రిబ్యునల్‌లో కూర్చున్నవాణ్ని కాబట్టి ఒకటి చెప్తాను. ఆ స్లిప్పులు మాకు కనిపిస్తాయి. ఎవరు రాస్తున్నారో కూడా తెలుస్తుంది. కానీ అడిగే పద్ధతి లేదు కదా అని ఊరుకుంటాం. ఆలోచిస్తే మేమూ ఒక మాట అనవచ్చు. నేను ఎప్పుడూ అనలేదు.

శామీర్‌పేట ఫైనలియర్:

అక్కా, మీరు చెప్పింది చదివాక కూడా నా మాట మారలేదు. మీరు చెప్పే దారి సీనియర్ల దయ మీద, క్లయింట్ల మనసు మీద ఆధారపడింది. దయ చూపాల్సినవాళ్లు ముప్పై ఏళ్లుగా చూపలేదు. ఇద్దరి పేర్లే తిరుగుతాయంటారా, తిరగనివ్వండి. ఆ ఇద్దరు కూర్చున్న గదిలో జూనియర్ అమ్మాయిని ‘నువ్వు చెప్పమ్మా’ అనేవాళ్లు ఒకరైనా ఉంటారేమో.

సెకండ్ చైర్:

ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. నన్ను అందరికంటే ఎక్కువగా కసురుకున్న ట్రిబ్యునల్ చైర్ ఒక మేడమే.

గచ్చిబౌలి లీగల్:

మా కొత్త కాంట్రాక్టు డ్రాఫ్టులో సీపీఆర్ మాదిరి క్లాజు పెట్టి పంపాను. అవతలివాళ్లు ఒక్క మాట కూడా రాయకుండా కొట్టేసి వెనక్కు పంపారు. మళ్లీ పెట్టి పంపాను. రికార్డు కోసం చెప్తున్నా.

కూకట్‌పల్లి కాంట్రాక్టర్:

నాలుగు రోజులు రాలేదు, తిరుగుడు ఎక్కువైంది. మా వకీలు సారుకు ఫోన్ చేసి ‘ఆడవాళ్లలో కాంట్రాక్టు పని తెలిసినవాళ్లు ఎవరూ లేరా’ అని అడిగాను. ముందు నవ్వారు. సాయంత్రానికి రెండు పేర్లు పంపారు. అడిగేదాకా ఎందుకు చెప్పలేదో అర్థం కాలేదు. ఒకావిడ ఇదివరకు అవతలి కంపెనీకి సలహా ఇచ్చానని ముందే రాసిచ్చింది, ఆమె కుదరదు. రెండో ఆవిడ పదిహేనేళ్లుగా కన్‌స్ట్రక్షన్ కేసులే చూస్తోందట, ఆమె పేరే పెడుతున్నాం. చట్టానికి భయపడి కాదు చెల్లె, లిస్టులో బిల్ ఆఫ్ క్వాంటిటీస్ (పనుల కొలతల పట్టిక) చదవగలిగేది ఆమె ఒక్కతే.

సెకండ్ చైర్:

సంతోషం అన్నా. మరి మీ తరఫున క్రాస్ ఎవరు చేస్తున్నారు?

కూకట్‌పల్లి కాంట్రాక్టర్:

సీనియర్ సారే. ఫైలంతా తెలిసింది మాత్రం వాళ్ల ఆఫీసులో ఒక జూనియర్ మేడమ్‌కు. బిల్లు నంబర్లు కూడా చూడకుండా చెప్తుంది. సోమవారం కాన్ఫరెన్స్ ఉంది, ఆ మాట అక్కడ తీస్తాను. సారు ఏమంటారో చూడాలి.