ప్రైమ్95లో తప్పు వస్తోంది, గేములు మాత్రం బాగానే ఆడుతున్నాయి: ఈ ఓవర్‌క్లాక్ ఉంచాలా, తీసేయాలా?

కోటజంక్షన్_కుర్రాడు (విజయనగరం)
అన్నయ్యలందరికీ నమస్తే. నాది రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్. ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ ఇచ్చిన వేగం దాటించి, అన్ని కోర్లకీ 4.65 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టులు పెట్టాను. సినీబెంచ్ (వేగం కొలిచే టెస్టు) పది నిమిషాలు నడిచింది. రెండు వారాలుగా గేములు ఒక్కసారీ ఆగలేదు. నిన్న ప్రైమ్95లో (ప్రాసెసర్‌తో బరువైన లెక్కలు చేయించి తప్పులు పట్టే ప్రోగ్రాం) స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే టెస్టు పెడితే నలభై నిమిషాలకి ఒక వర్కర్ (లెక్కలు చేసే భాగాల్లో ఒకటి) ఆగిపోయింది. రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ ఉండాలి అని రాసింది. మిగతావి నడుస్తూనే ఉన్నాయి. వేడి 84 డిగ్రీలు. దీన్ని స్టేబుల్ అనొచ్చా?

నాగావళి_సర్వీస్ (శ్రీకాకుళం)
అనకూడదు తమ్ముడూ. ప్రైమ్95 పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టింది. ఆ లెక్కలో ప్రతి అంకె పూర్ణాంకం దగ్గరికి రావాలి. 0.5 అంటే అటూ ఇటూ కాకుండా నట్టనడుమ పడింది. అంటే నీ ప్రాసెసర్ లెక్క తప్పింది. స్క్రీన్ నీలం అవ్వలేదు కాబట్టి నీకు తెలియలేదు, అంతే. 4.5కి దించు, లేదా వోల్టేజి కొంచెం పెంచు. మళ్లీ పెట్టి పన్నెండు గంటలు తప్పు లేకుండా నడిస్తేనే వాడు.

పెళ్లివీడియో_బొబ్బిలి
పన్నెండు గంటలా! ఈ మే నెలలో పన్నెండు గంటలు కరెంటు తెగకుండా ఉన్న రోజు చూపించండి ముందు. నేను పదకొండేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. రైజెన్ 9 5900ఎక్స్, ఏసీ లేని గది. నా ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తీయడం) నడిచినప్పుడు 72 డిగ్రీలు దాటదు, ప్రైమ్95 పెడితే ఐదు నిమిషాల్లో 90. అంత బరువైన లెక్కల (ఏవీఎక్స్) లోడు నా పనిలో రాదు. రాని బరువు కోసం బండి ఇరుసు విరిచేసుకోవడం ఎందుకు? తమ్ముడూ, నీ పని ఏదో అదే నీ టెస్టు.

పలాస_జీడితోట
నా దాంట్లో గేములు ఏడాది ఆడాయి. కానీ పెద్ద జిప్ ఫైలు విప్పితే సీఆర్‌సీ తప్పు (ఫైలు చెడిందన్న హెచ్చరిక) వచ్చేది. చివరికి చూస్తే ర్యామ్. ఎక్స్ఎంపీ (ర్యామ్ వేగం పెంచే బయోస్ సెట్టింగ్) ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకే అని అప్పుడే తెలిసింది.

మూడులాంతర్లు (విజయనగరం)
బొబ్బిలి గారూ, రాని బరువు అనేశారు కానీ, 2016 జనవరిలో ఇంటెల్ తన ఆరో తరం కోర్ ప్రాసెసర్లలో లోపం ఉందని ఒప్పుకుంది. ఓవర్‌క్లాక్ లేకుండానే యంత్రాలు బిగుసుకుపోయేవి. దాన్ని బయటపెట్టింది ఈ ప్రైమ్95 నడిపేవాళ్లే. తర్వాత బయోస్ అప్‌డేట్‌తో సరిచేశారు. మామూలు పనిలో కనబడనిది అక్కడ కనబడింది.

పెళ్లివీడియో_బొబ్బిలి
అది చిప్పు చేసినవాళ్ల లోపం మాస్టారూ. నాకూ దానికీ ఏటి సంబంధం? నా సంగతి వినండి. 2021లో ఒక షాపులో ఈ మిషను కట్టించాను. బిల్లు మీద "24 గంటలు టెస్టు చేసినది" అని రాసి, దానికి వేరే డబ్బు తీసుకున్నారు. ఇంటికి తెచ్చిన మూడో రోజు, ఫోల్డర్ పేరు మారుస్తుంటే రీస్టార్ట్. ఎక్స్‌పోర్ట్ కాదు, పేరు మారుస్తుంటే! 24 గంటల టెస్టు నన్ను కాపాడిందా?

నాగావళి_సర్వీస్
ఆ 24 గంటలు ఏ టెస్టు? బిల్లు మీద టెస్టు పేరు ఉందా?

పెళ్లివీడియో_బొబ్బిలి
టెస్టు అంటే టెస్టే. పేరు నాకెందుకు?

నాగావళి_సర్వీస్
పేరే ముఖ్యం. వాళ్లు కర్వ్ ఆప్టిమైజర్‌లో (కోర్ల వోల్టేజి తగ్గించే సెట్టింగ్) అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టి ఉంటారు. కోర్లన్నీ బరువు మోస్తున్నప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, అక్కడ ఆ వోల్టేజి సరిపోతుంది. ఖాళీగా ఉండి ఒక్క కోరు ఒక్కసారిగా పైకి లేచినప్పుడు చాలదు. అందుకే ఫోల్డర్ దగ్గర పడింది. దానికి కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోరునీ విడిగా పరీక్షించాలి. టెస్టు పనికిరాదని కాదు, వాళ్లు చేసింది సగం టెస్టు.

పెళ్లివీడియో_బొబ్బిలి
చూశారా, మీరే ఒప్పుకున్నారు. ప్రైమ్95 పన్నెండు గంటలు, కోర్‌సైక్లర్ ఇంకో రాత్రి, ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు. మూడు రోజులు. ఆ మూడు రోజులు నా మిషను మీ బల్ల మీద ఉంటే ఇక్కడ పెళ్లివారికి ఎవరు సమాధానం చెబుతారు? మీరు చెబుతారా?

నాగావళి_సర్వీస్
చెప్పాను కాబట్టే ఈ పట్టు. రెండేళ్ల కిందట ఒకాయన "వేగం పెంచి ఇచ్చేయండి, టెస్టులొద్దు, అర్జెంటు" అన్నాడు. గంటలో ఇచ్చేశాను. నెల తర్వాత వచ్చాడు. కెమెరా కార్డుల నుంచి కాపీ చేసిన ఫైళ్లలో, సరిగ్గా తలంబ్రాల దగ్గర, ఆకుపచ్చ గడులు. కార్డులు అప్పటికే చెరిపేశాడు. ర్యామ్‌లో ఒక్క బిట్టు తప్పు. వద్దన్నది ఆయన, షాపు ముందు నిలబడి అరిచిందీ ఆయనే. పద్దెనిమిది వేలు కట్టాను. డబ్బు పోతే పోయింది, ఆ పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ రోజు నుంచి టెస్టు లేకుండా నా షాపు నుంచి మిషను బయటికి పోనివ్వను.

పలాస_జీడితోట
అయితే ఇది గంటల గొడవ కాదన్నమాట. తప్పు జరిగితే ఎవరు కట్టాలన్నది.

పెళ్లివీడియో_బొబ్బిలి
అదే నేనూ అనేది. మీకు మూడు రోజులు జాగ్రత్త. నాకు వైశాఖ, జ్యేష్ఠాల్లో మూడు రోజులంటే రెండు పెళ్లిళ్లు. ఆ నష్టం మీ బిల్లులో కనబడదు.

నాగావళి_సర్వీస్
కనబడదు, నిజమే. ఒక్క పని చేయండి, అయిదు నిమిషాలే. విండోస్‌లో తప్పులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో WHEA-Logger అని వెతకండి. ఈవెంట్ నంబరు 18 అయితే మిషను పడిపోయిన తప్పు. 19 అయితే తప్పు జరిగింది, హార్డ్‌వేరే సరిచేసుకుంది.

కోటజంక్షన్_కుర్రాడు
అన్నయ్యా, 4.5కి దించి రాత్రి పెట్టాను. ఆరు గంటల పది నిమిషాలు ఒక్క తప్పు లేదు, 79 డిగ్రీలు. తర్వాత కరెంటు పోయింది. ఈ రాత్రి మళ్లీ పెడతాను. గేముల్లో తేడా నాకేమీ తెలియడం లేదు.

పెళ్లివీడియో_బొబ్బిలి
చూశాను. 18 లేవు. 19 మాత్రం ఏప్రిల్ నుంచి పద్నాలుగు ఉన్నాయి. బస్/ఇంటర్‌కనెక్ట్ అని రాసి ఉంది.

నాగావళి_సర్వీస్
మెమరీ ఎంత మీద నడుస్తోంది?

పెళ్లివీడియో_బొబ్బిలి
3800. ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్నీ మెమరీనీ కలిపే దారి) 1900. నేనే పెట్టుకున్నాను.

నాగావళి_సర్వీస్
3600, 1800కి దించండి. ఎక్స్‌పోర్ట్‌లో పోయేది నిమిషాలే. మీరు వచ్చేదాకా కార్డులు చెరపకండి, అదొక్కటి నా మాట వినండి.

పెళ్లివీడియో_బొబ్బిలి
కార్డులు చెరపను. ఈ సీజన్‌కి కొత్తవి కొంటాను. ప్రాసెసర్ వేగం కూడా మామూలుకి దించేస్తాను. మెమరీ మాత్రం పని నడుస్తుండగా ముట్టుకోను. మిషను ఆషాఢంలో తెస్తాను.

నాగావళి_సర్వీస్
బొబ్బిలి గారూ, ముందు ముట్టుకోవలసింది అదే.