పోలో జీటీ వెనక బుష్‌లు: కొత్త రబ్బరా, పాలీనా?

ఉప్పల్_జీటీ:
అందరికీ నమస్తే. నాది 2017 పోలో జీటీ టీఎస్ఐ, 1.2 డీఎస్‌జీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఇప్పటికి 88 వేలు తిరిగింది. రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి, సిటీలో ట్రాఫిక్ చూసి విసుగొస్తే ఓఆర్‌ఆర్ మీదుగా. రెండు నెలలుగా స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనక నుంచి ‘దుబ్’ మని ఒక్క దెబ్బ. అదొక్కటే అయితే పాటలు పెట్టుకుని భరించేవాణ్ణి. ఓఆర్‌ఆర్ మీద 110లో లేన్ మారితే ముందు భాగం చెప్పినట్టు వింటోంది, వెనక భాగం మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చి, వచ్చాక ఇంకో చిన్న ఊపు ఊగుతోంది. మొన్న మా ఆవిడ "వెనక చక్రం ఊడిపోదు కదా" అంది. నవ్వేశా గానీ అప్పట్నుంచి నాకూ టెన్షనే.

గల్లీలో మెకానిక్ షాకబ్జార్బర్లు పోయాయన్నాడు, రెండూ మార్పించా, తేడా ఏం లేదు. ఇప్పుడు బుష్‌లు (ఇనుప భాగాలు బాడీకి తగులుకునే చోట అదురు మింగే రబ్బరు దిమ్మలు) అంటున్నాడు. ఎలాగూ విప్పుతున్నాం కదా, వెనక ఆర్మ్‌ల (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీల) బుష్‌లన్నీ పాలీయూరిథేన్‌వి, అదే రబ్బరు కంటే గట్టిగా ఉండే పాలీవి, వేయిద్దామని చూస్తున్నా. వీడియోల్లో ఒక్కొక్కడు డజను బుష్‌లు టేబుల్ మీద పరిచి చూపిస్తున్నాడు, పోలోకని నాకు దొరికిన సెట్‌లో రెండే ఉన్నాయి. మిగతావి ఎక్కడ కొనాలి? రోజూ తిరిగే బండికి పాలీ పనికొస్తుందా?

పానా_పన్నెండు:
అన్నా, మిగతావి ఎక్కడా కొనొద్దు, నీ బండికి అవి లేవు. నువ్వు చూసిన వీడియోలు గోల్ఫ్ జీటీఐవి అయ్యుంటాయి. దానికి వెనక మల్టీలింక్, ఒక్కో వైపు నాలుగేసి ఆర్మ్‌లు, అందుకే అన్ని బుష్‌లు. పోలోకి వెనక ఉన్నది ట్విస్ట్ బీమ్. రెండు చక్రాలనీ కలుపుతూ అడ్డంగా ఒకటే ఇనుప బీమ్, దాని ముందు చివర్లు రెండు పెద్ద బుష్‌ల మీద బాడీకి తగులుకుని ఉంటాయి. అంతే.

రెండే ఉన్నాయి కాబట్టే పోయినప్పుడు ఇంత తెలుస్తుంది. మలుపులో బీమ్ మొత్తం ఆ రెండు బుష్‌ల మీద కాస్త పక్కకి తిరగాలని చూస్తుంది. రబ్బరు గట్టిగా ఉన్నంత కాలం ఆ తిరుగుడు అదుపులో ఉంటుంది, చీలిపోయిందంటే వెనక చక్రాలు నిన్ను అడక్కుండానే కొంచెం స్టీరింగ్ తిప్పేస్తాయి. నువ్వు చెప్తున్న ఆ రెండో ఊపు అదే అనుకుంటున్నా.

కానీ ఈసారైనా చూసి మార్చు, షాకబ్జార్బర్ల లాగా అంచనా మీద కాదు. ఖాళీ చోట నెమ్మదిగా రివర్స్ పోనిచ్చి బ్రేక్ కొట్టు, తర్వాత ముందుకి కూడా అలాగే. రెండుసార్లూ వెనక ‘టక్’ మంటే అనుమానం బుష్‌ల మీదే. తర్వాత బండి ర్యాంప్ ఎక్కించి బుష్ పక్కన టామీ రాడ్ (పొడుగాటి ఇనుప కడ్డీ) పెట్టి కదపమను. రబ్బరు లోపలి ఇనుప గొట్టం నుంచి ఊడి ఉంటే కంటికే కనిపిస్తుంది. షాకబ్జార్బర్‌ని పైన బాడీకి పట్టి ఉంచే మౌంట్లు కూడా చూపించు, కొత్తవి వేసేటప్పుడు పాత మౌంట్లే బిగించి ఉంటాడు, నాకు తెలిసి సగం మంది అదే చేస్తారు.

తేలు_గుర్తు:
నాది అబార్త్ పుంటో, 145 పీఎస్ 1.4 టీ-జెట్. దీనికీ వెనక ట్విస్ట్ బీమే. మూడేళ్ల కింద పాలీ వేయించా, ఉన్నది ఉన్నట్టు చెప్తా.

మొదటి వారం స్వర్గం. అనంతగిరి ఘాట్‌లో వెనక భాగం ముందు చక్రాల తోక పట్టుకున్నట్టు వచ్చింది, స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు. కానీ రబ్బరు ఇన్నాళ్లూ ఎంత మింగిందో సిటీలోకి వచ్చాక తెలిసింది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ప్రతి జాయింటూ నడుముకి లెక్క చెప్పింది. వానాకాలం వెళ్లాక కిర్రుకిర్రు మొదలైంది, పాత నవారు మంచం మీద ఎవరో అటూ ఇటూ దొర్లుతున్నట్టు. రబ్బరు బుష్ అయితే తనే మెలి తిరిగి మళ్లీ వెనక్కొస్తుంది, పాలీ లోపలి గొట్టం మీద జారుతుంది, జారడానికి గ్రీజు కావాలి. మన రోడ్ల దుమ్మూ నీళ్లూ ఆ గ్రీజుని ఉండనివ్వవు. ఏడాదికోసారి విప్పి పెట్టిస్తున్నా.

నాకు బాధ లేదు, ఆదివారం బండి అది. రోజూ ఉప్పల్–గచ్చిబౌలి అయితే నేనైతే వేయను. తప్పదనుకుంటే రోడ్డు కోసం చేసిన మెత్తరకం తీసుకో, షోర్ (గట్టిదనం కొలత) 80 దగ్గర ఉంటుంది. 95 అని ఉంటే ట్రాక్‌కి, దాని జోలికి పోకు.

దక్కన్_వెంటో:
పాలీనా రబ్బరా అన్నది తర్వాత, ఎవడు బిగిస్తాడన్నది ముందు చూడు. నా వెంటోకి కొత్త రబ్బరు బుష్‌లే వేయించా, ఎనిమిది నెలల్లో మళ్లీ చిరిగాయి. పార్ట్ నకిలీదని షాపువాడితో గొడవ కూడా పెట్టుకున్నా. తప్పు వాడిది కాదు. బండి లిఫ్ట్ మీద ఉండి, వెనక చక్రాలు కిందికి వేలాడుతుండగానే మెకానిక్ పెద్ద బోల్టు ఫుల్‌గా బిగించేశాడు. ఆ బోల్టు లోపలి గొట్టాన్ని బ్రాకెట్‌కి పట్టేస్తుంది కదా, బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలిపడిపోయింది, ఇంక గుంట వచ్చినా రాకపోయినా అలా మెలిపడే బతకాలి. ఎన్నాళ్లు బతుకుతుంది?

అందుకని విప్పకముందే నేల మీద చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలువు, రాసుకో. బిగించే ముందు జాక్‌తో బీమ్‌ని అదే కొలత వచ్చేదాకా ఎత్తించు, అప్పుడు ఫుల్ టైట్. ఇంకోటి, పాత బుష్ రబ్బరులో ఖాళీలు ఏ వైపు ఉన్నాయో ప్రెస్ (బుష్‌ని నొక్కి బయటికి తోసే మెషిన్) పెట్టకముందే పెయింట్‌తో గీత గీయించు. తిప్పి వేస్తే గట్టిగా ఉండాల్సిన వైపు మెత్తగా అవుతుంది. బీమ్ దించేటప్పుడు బ్రేక్ గొట్టాలూ ఏబీఎస్ వైర్లూ దాని బరువుకి వేలాడకూడదు. బోల్టులు కొత్తవే వేయించు.

వీల్ అలైన్‌మెంట్‌లో "వెనక కూడా సెట్ చేశాం సార్" అని బిల్లేస్తే నవ్వి ఊరుకో, ఆ బీమ్‌కి మామూలుగా సెట్ చేయడానికి ఏమీ ఉండదు.

ఉప్పల్_జీటీ:
అప్‌డేట్. రివర్స్ బ్రేక్ టెస్ట్‌లో మా పార్కింగ్ అంతా వినపడేలా ‘టక్’ మంది, వాచ్‌మన్ వచ్చి చూశాడు. శనివారం ఆటోనగర్‌లో పని చేయించా. ఎడమ బుష్ రబ్బరు లోపల చుట్టూ ఊడిపోయి ఉంది, గొట్టం వేలితో తోస్తే అటూ ఇటూ వెళ్తోంది. కుడిది ఒక పక్క చీలింది. ప్రెస్ పెడితే ఎడమది కదల్లేదు, చివరికి హాక్సా బ్లేడుతో బయటి రింగు కోసి తీశారు, గంటన్నర దానికే పోయింది.

పాలీ ఆలోచన మానేశా, కంపెనీ రబ్బరే. టేపు కొలత చెప్తే మెకానిక్ "ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నా సార్" అన్నాడు, నేను స్టూల్ వేసుకుని అక్కడే కూర్చున్నా. చివరికి జాక్ పెట్టాడు. నిన్న ఓఆర్‌ఆర్ మీద అదే 110, అదే లేన్ మార్పు, ఆ రెండో ఊపు లేదు. ‘దుబ్’ పోయింది గానీ ఇప్పుడు సన్నగా ఇంకో చప్పుడు, కుడి వైపు పైనుంచి.

పానా_పన్నెండు:
మౌంట్ చూపించావా?

ఉప్పల్_జీటీ:
మర్చిపోయా అన్నా.