బోలు ఎముకలో బీఎంపీ-2 (ఎముకను పుట్టించే ప్రొటీన్) స్పాంజి పెడితే విరిగింది అతుకుతదా?

పానగల్లు పీజీ:
65 దాటిన అమ్మలకు తొడ ఎముక కింది భాగం విరిగితే లాకింగ్ ప్లేట్ (స్క్రూలు బిగిసే లోహపు పట్టీ) వేస్తున్నం. కొందరికి ఆర్నెల్లైనా కాలస్ (అతుకు పడే కొత్త ఎముక) రాదు. మళ్లీ తెరిచినప్పుడు బీఎంపీ-2 పెట్టాలా, పీఆర్‌పీ (రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) చాలా? డెక్సాలో (ఎముక సాంద్రత కొలిచే స్కాన్) వెన్ను స్కోరు బాగుంటది గానీ స్క్రూకు పట్టు దొరకదు. డోసు, పెట్టే తీరు చెప్పండి సార్.

ట్రామా సార్:
ముందు ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకో. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ (వాపును పట్టించే రక్త పరీక్షలు) చూసి, లోపలి నుంచి ఐదు శాంపిళ్లు కల్చర్‌కు పంపు. ప్లేట్ ఊగుతుంటే ఏ ఫ్యాక్టర్ (ఎముక పెరుగుదలకు పెట్టే ప్రొటీన్) పెట్టినా దండగే.

బీఎంపీ-2 పెద్ద కిట్ 12 మి.గ్రా. స్టెరైల్ వాటర్‌తో కలిపితే 8 మి.లీ., అంటే మి.లీ.కి 1.5 మి.గ్రా. కొలాజెన్ స్పాంజి అంతటా సమంగా తడిపి కనీసం 15 నిమిషాలు ఆగు, రెండు గంటల లోపు పెట్టెయ్. కడగడం, రక్తం ఆపడం అంతా అయినంకనే స్పాంజి. పిండొద్దు, కుక్కొద్దు, పెట్టినంక సెలైన్ పోయొద్దు. పిండితే మందు కండలోకి కారి అక్కడ వాపు, అక్కరలేని ఎముక. స్పాంజికి బలం ఉండదు, ఖాళీ పెద్దదైతే గ్రాఫ్ట్ (నింపే ఎముక ముక్కలు) తోడు కావాలె.

2004లో అమెరికాలో అనుమతి వచ్చింది లోపల నెయిల్ (రాడ్) వేసిన టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) ఓపెన్ ఫ్రాక్చర్లకు, అంటే చర్మం చీలిన విరుగుళ్లకు. నువ్వు అడిగేది ఆఫ్-లేబుల్ (అనుమతి లేని వాడకం), కన్సెంట్‌లో రాయి. క్యాన్సర్ ఉన్నోళ్లకు వద్దు. పీఆర్‌పీలో ఫ్యాక్టర్లు చాలావరకు మొదటి గంటలోనే బయటపడతయి, దాని ఒక్కదాని మీద ఆధారపడలేం.

మర్రిగూడ ఎండోక్రైన్:
వెన్ను స్కోరును నమ్మకు తమ్మీ. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఏండ్లకేండ్లు బోరు నీళ్లు తాగినోళ్లకు ఫ్లోరోసిస్‌తో (నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) లిగమెంట్లు గట్టిపడి స్కోరు పెరిగి కనిపిస్తది. ముంజేయి ఎక్స్‌రే తీయి, రెండెముకల నడుమ పొర గట్టిపడి ఉంటే అనుమానం బలపడుతది. తుంటి స్కోరు కూడా చూడు.

తర్వాత కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పీటీహెచ్ (కాల్షియంను నడిపే హార్మోన్), క్రియాటినిన్, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షలు చేయించు. ఆస్టియోమలేసియా (ఎముక మెత్తబడే జబ్బు) ఉంటే బీఎంపీ మెత్తటి ఎముకనే పుట్టిస్తది, అందులో సున్నం చేరదు. విటమిన్ డి తక్కువుంటే వారానికి 60,000 యూనిట్లు, ఎనిమిది వారాలు, తోడు కాల్షియం. ఫాస్ఫటేజ్ ఎందుకు పెరిగిందో తేలకుండ టెరిపారటైడ్ (ఎముక పెంచే ఇంజెక్షన్) మొదలుపెట్టొద్దు.

పానగల్లు పీజీ:
బీఎంపీ మొదట్ల ఎముకను కరిగిస్తదంటరు గదా, స్పాంజిలోనే జోలెడ్రోనేట్ (ఎముక కరగకుండ ఆపే మందు) కలిపితే?

ట్రామా సార్:
బీఎంపీ ఆస్టియోక్లాస్టులను (ఎముకను తినే కణాలు) కూడా లేపుతది, నిజమే. బోలు ఎముకలో అది ఇంకా ప్రమాదం, స్క్రూల చుట్టూ ఖాళీ పడతది. జోలెడ్రోనేట్ కలపడం ఎక్కువగా జంతు ప్రయోగాల మాట, మోతాదు మీరితే ఎముక కట్టే కణాలే చస్తయి. దాన్ని సెలైన్‌లో నరానికి ఇచ్చేదైతే విటమిన్ డి సరిచేసినంకనే, క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ పనితీరు కొలత) 35 కన్నా తక్కువుంటే అసలే వద్దు. మొదటి వారాల ఎక్స్‌రేలో నల్లటి ఖాళీ కనిపిస్తే బెదిరి వెంటనే తెరవకు, సీఆర్‌పీ మళ్లీ చూడు. అప్పటిదాక కాలు మీద బరువు మోపనీయొద్దు.