గోథమ్ నైట్స్ డిస్క్ కొని ఇరుక్కున్నా, ఆపేయనా ఆడేయనా?

కృష్ణలంక కుర్రోడు:

అందరికీ నమస్తే. తప్పు నాదేలెండి, కొనేముందు ఇక్కడ ఒక్క మాట అడిగి ఉండాల్సింది. మా తమ్ముడు సెలవులకి హాస్టల్ నుంచి వచ్చాడని, ఇద్దరం కలిసి ఆడుకునేది ఏదైనా చూద్దామని బీసెంట్ రోడ్డు వైపు సెకండ్ హ్యాండ్ డిస్కులు అమ్మే ఒక షాపుకెళ్లా. గోథమ్ నైట్స్ అని, బ్యాట్‌మ్యాన్ శిష్యులు నలుగురు హీరోలుగా ఉండే వీడియో గేమ్, దాని పీఎస్5 (ప్లేస్టేషన్ 5) డిస్క్ 1,400 చెప్పాడు. "ఇద్దరం ఆడొచ్చా అన్నా" అంటే "నలుగురు హీరోలుంటే ఇద్దరేంటి తమ్ముడూ" అన్నాడు. ఇంటికొచ్చి పెడితే రెండో కంట్రోలర్‌ని అసలు పట్టించుకోదే! స్ప్లిట్ స్క్రీన్ లేదు, అంటే ఒకే టీవీని రెండు ముక్కలు చేసుకుని ఇద్దరం ఆడలేం. కలిసి ఆడాలంటే ఆన్‌లైన్‌లోనే, అంటే ఇంకో పీఎస్5, ఇంకో కాపీ, ఇద్దరికీ పీఎస్ ప్లస్ (ఆన్‌లైన్‌లో ఆడడానికి డబ్బు కట్టి తీసుకునే మెంబర్‌షిప్). ఒకే మంచం మీద కూర్చున్న అన్నదమ్ములకి ఇంత ఖర్చా? తిరిగి ఇచ్చేద్దామని వెళ్తే "ఓపెన్ చేసిన డిస్క్ తీసుకోం" అన్నాడు. సెకండ్ హ్యాండ్ డిస్కు ఓపెన్ చెయ్యకుండా ఎక్కడైనా ఉంటుందా చెప్పండి.

సరే డబ్బులు పెట్టాం కదా అని ఒక్కడినే ఏడెనిమిది గంటలు ఆడా. మొదలు బాగుంది, విలన్ రాస్ అల్ గూల్‌తో ఫైట్, బ్యాట్‌మ్యాన్ చనిపోవడం, గుహ పేలిపోవడం. ఆ తర్వాత నుంచే నీరసం. ఒక మామూలు రౌడీని కొట్టడానికి చాకిరేవులో దుప్పటి ఉతికినట్టు బాదుతూనే ఉండాలి, వాడి నెత్తి మీద అంకెలు ఎగురుతుంటాయి, వాడు మాత్రం పడడు. బైక్ ఎక్కితే గాలి గీతలు కనిపిస్తాయి గానీ మా నాన్న పాత మోపెడ్ మీద వారధి దాటినంత స్పీడే. నేను ఇంటర్లో ఉన్నప్పుడు ఫ్రెండ్ ఇంట్లో పాత బ్యాట్‌మ్యాన్ గేమ్ ఆర్కమ్ సిటీ ఆడినవాణ్ణి, అందుకే ఇంకా మండుతోంది. ముందుకెళ్తే బాగుపడుతుందా, లేక ఇదే తంతా? తెలిసినవాళ్లు చెప్పండి.

గవర్నర్‌పేట గేమర్:

పెళ్లికొడుకు లేని పెళ్లికెళ్లి భోజనం బాలేదంటున్నావ్ బ్రో. అమ్మేయ్, మారు మాట్లాడకు.

బ్రాడీపేట నాలుగో లైన్:

తమ్ముడూ, నేను దీన్ని మొత్తం పూర్తి చేశా, అదీ రిలీజైన కొత్తలో, 2022 అక్టోబరులో. నువ్వు ఇరుక్కున్న చోటే చాలామంది ఆపేశారు. చెప్తా విను.

ఆర్కమ్ సిటీలో మొదటి గంటలోనే కేప్ చాచి మేడల మీద నుంచి గాల్లో తేలేవాడివి కదా. ఇందులో నలుగురు హీరోల్లో ఒకరైన బ్యాట్‌గర్ల్‌కి కూడా కేప్ ఉంది, కానీ తేలడానికి పర్మిషన్ లేదు! దానికి 'నైట్‌హుడ్' అని ఒకటి సంపాదించాలి. బ్యాట్‌మ్యాన్ ఇంటి పెద్ద పనివాడు ఆల్‌ఫ్రెడ్ దగ్గర ట్రైనింగ్, ముందే ప్లాన్ చేసిన నేరాలు 10 ఆపడం, మినీ బాస్‌లని (చిన్న సైజు పెద్ద విలన్లని) కొట్టడం. ఆ ప్లాన్ చేసిన నేరాలు మ్యాప్ మీద ఊరికే రావు, ఈ రాత్రి రౌడీలని పట్టుకుని విచారించి క్లూలు పోగేస్తే, హీరోల స్థావరం బెల్‌ఫ్రీకి తిరిగొచ్చాక, మరుసటి రాత్రి కనిపిస్తాయి. సరే ఎలాగో పూర్తి చేశావనుకో, అది ఆ ఒక్కరికే. మిగతా ముగ్గురిలో నైట్‌వింగ్‌కి గ్లైడర్ కావాలన్నా, రెడ్ హుడ్ గాల్లో ఎగిరెగిరి దూకాలన్నా, రాబిన్ అక్కడ మాయమై ఇక్కడ తేలాలన్నా మళ్లీ మొదటి నుంచి అదే లిస్టు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా లైన్లో నిలబడ్డట్టు.

అందుకని నలుగురి మీదా చెయ్యి పెట్టకు. బ్యాట్‌గర్ల్‌ని పట్టుకో, ఆమెతోనే నైట్‌హుడ్ పూర్తి చెయ్, కథ అంతా ఆమెతోనే లాగించు. లెవెల్ నలుగురికీ కలిపే పెరుగుతుంది కాబట్టి తర్వాత ఎవరిని తీసుకున్నా నష్టం లేదు. లూసియస్ ఫాక్స్ డ్రోన్లని స్కాన్ చేసే పని ఒకటి ఇస్తాడు, బోరు కొట్టినా అది ముందే చేసేయ్, దాంతో ఫాస్ట్ ట్రావెల్ వస్తుంది, అంటే ఊళ్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఇక ఆ బైక్ జోలికి పోనక్కర్లేదు. రౌడీలు మరీ మొండిగా ఉంటే డిఫికల్టీ ఒక మెట్టు దించు, సిగ్గేం లేదు, అది నీ చేతకానితనం కాదు, గేర్ (సూటు, ఆయుధాలు) లెవెల్ లెక్కల గోల. ఇంకోటి, ఆర్కమ్ అలవాటులో కౌంటర్ (దెబ్బకి ఎదురుదెబ్బ) కోసం ట్రయాంగిల్ బటన్ కొడుతున్నావేమో, ఇందులో కౌంటర్ లేదు, తప్పుకోవడమే. నాకు ఆ వేళ్ల అలవాటు పోవడానికే రెండ్రోజులు పట్టింది.

కథలో కోర్ట్ ఆఫ్ ఔల్స్ వచ్చే భాగం మాత్రం నిజంగా బాగుంటుంది. ఊరి పెద్దమనుషులే మాస్కులు పెట్టుకుని చాటుగా ఊరిని నడిపిస్తుంటారు. అక్కడికి చేరేదాకా ఓపిక పట్టు.

పటమట పాత గేమర్:

పైన రాసినవి కరెక్టే. నాకు మండేది వేరే విషయం. రిలీజుకి ముందు పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వెర్షన్లు తీసేశారు, కొత్త కన్సోళ్ల మీదే వస్తుందన్నారు. సరే, పాత మెషీన్ల బరువు లేదు కాబట్టి సెకనుకు 60 ఫ్రేములు గ్యారంటీ, బొమ్మ నున్నగా కదులుతుంది అనుకున్నాం. తీరా రిలీజ్ దగ్గరపడ్డాక కన్సోళ్ల మీద సెకనుకు 30 ఫ్రేములే అన్నారు. కారణం ఏంటంటే కోఆప్, అంటే ఇద్దరు కలిసి ఆడడం. ఇద్దరు ఆటగాళ్లు ఊళ్లో ఒకరినొకరు వదిలేసి ఎక్కడికైనా వెళ్లొచ్చు కదా, ఆ స్వేచ్ఛ ఇస్తూ అంత డీటెయిల్ ఉన్న ఊరిని నడపాలంటే అంతే అని వాళ్ల వివరణ. ఇప్పుడు కృష్ణలంక తమ్ముడి కథ చూడండి. ఏ కోఆప్ కోసం సగం ఫ్రేములు వదులుకున్నారో, అది ఒకే గదిలో ఉన్న అన్నదమ్ములకి పనికిరాలేదు. పాపం ఒంటరిగా ఆడేవాడు కూడా ఆ 30తోనే సర్దుకోవాలి.

పోనీ ఆ ఊరన్నా కళకళలాడుతుందా అంటే, అర్ధరాత్రి బెంజి సర్కిల్లో ఇంతకంటే జనం ఉంటారు.

గవర్నర్‌పేట గేమర్:

ఆర్కమ్ తీసిన చేతులేనా ఇవి అని ఏడవాలనిపిస్తుంది అన్నా.

పటమట పాత గేమర్:

కాదు కాదు, అక్కడే చాలామంది పొరబడతారు. ఆర్కమ్ అసైలమ్ (2009), సిటీ (2011), నైట్ (2015) రాక్‌స్టెడీ అనే స్టూడియో వాళ్లవి. ఇది వార్నర్ వాళ్లదే మాంట్రియల్ స్టూడియో. వాళ్లు అంతకుముందు 2013లో ఆర్కమ్ ఆరిజిన్స్ తీశారు. గోథమ్ నైట్స్ కథకి ఆర్కమ్ కథతో సంబంధం కూడా లేదు. ఇక నువ్వన్న ఆ అసలు చేతులు 2024 ఫిబ్రవరిలో సూసైడ్ స్క్వాడ్ గేమ్ ఇచ్చాయి, చూశాం కదా ఆ వైభోగం. కింగ్ షార్క్ అంటే సొరచేప, ఆ సొరచేప చేతికి కూడా తుపాకీ ఇచ్చారు. దానివల్ల వార్నర్ 200 మిలియన్ డాలర్లు లెక్కల్లో నష్టం కింద రాసుకోవాల్సి వచ్చింది, ఏడాది తిరక్కుండానే కొత్త కంటెంట్ కూడా ఆపేశారు. దాని పక్కన పెడితే గోథమ్ నైట్స్ పాపం పద్ధతైన గేమే. కనీసం డిస్క్ పెడితే నెట్ లేకుండా కథ మొత్తం ఆడుకోవచ్చు.

లక్ష్మీపురం లత:

అందరూ తిట్టేవాళ్లేనా? నాకు నచ్చిందండీ. నేను గుంటూరులో, మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో, రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం లాగిన్ అయ్యేవాళ్లం. నేను బ్యాట్‌గర్ల్, అక్క రెడ్ హుడ్. తను ఒక చివర గొడవ పెట్టుకుంటే నేను ఇంకో చివర నా పని చూసుకునేదాన్ని, కష్టమైతే ఫోన్లో తిట్టుకుంటూ పరిగెత్తుకెళ్లేదాన్ని. హార్లీ క్విన్ మిషన్లకి ఇద్దరం పడీపడీ నవ్వాం. బెల్‌ఫ్రీలో నలుగురూ బ్రూస్‌ని (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) తలుచుకుని మాట్లాడుకునే సీన్లు చాలామంది స్కిప్ కొడతారు, అవి చూడండి, పెద్దదిక్కు పోయిన ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నాకు మా తాతయ్య పోయినప్పటి రోజులు గుర్తొచ్చాయి. గేమ్ గొప్పదని అనను, గేర్ తయారు చేసుకోవడం అనే తతంగం నాకూ విసుగే, రోజూ అవే నేరాలు. కానీ మరీ అంత చెత్త కాదు.

కృష్ణలంక కుర్రోడు:

లత గారూ, మీకు నచ్చడానికి కారణం మీ అక్క అండీ, గేమ్ కాదు 😄 మా వాడు పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అందుకే బోరు.

బ్రాడీపేట అన్నా, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి డిఫికల్టీ తగ్గించి బ్యాట్‌గర్ల్‌తో కూర్చున్నా, కాస్త నయం, రౌడీలు మాట వింటున్నారు. ట్రయాంగిల్ మాట నిజమే, ఇప్పటికీ వేలు దానిమీదకే పోతోంది. ఇంకా 6 నేరాలు ఆపాలి తేలడానికి. కోర్ట్ ఆఫ్ ఔల్స్ దాకా ఆడి ఆపేస్తా. ఇంతకీ మా వాడితో ఒకే టీవీ మీద ఆడేది సూపర్‌హీరోల్లో ఏమైనా ఉందా?

బ్రాడీపేట నాలుగో లైన్:

లెగో మార్వెల్ సూపర్ హీరోస్ అని 2013ది ఉంది, పీఎస్4 డిస్క్ నీ పీఎస్5 మీద ఆడుతుంది. ఒకే టీవీ, రెండు కంట్రోలర్లు, తెర దానంతటదే రెండు ముక్కలవుతుంది. బొమ్మలాట అని తీసిపారెయ్యకు, అందులో ఐరన్ మ్యాన్ మొదటి లెవెల్లోనే ఎగురుతాడు, ఎవడి పర్మిషనూ అక్కర్లేదు. నా దగ్గర డిస్క్ ఉంది, మా అక్క పిల్లలు ఆడి ఆడి వదిలేశారు. ఆదివారం బెజవాడ వస్తున్నా, నీది ఇచ్చి ఇది తీసుకో. నేను నాది ఎప్పుడో అమ్మేశా, లత గారు చెప్పాక ఆ బెల్‌ఫ్రీ సీన్లు మళ్లీ చూడాలనిపిస్తోంది.

కృష్ణలంక కుర్రోడు:

అన్నా, ఆదివారం కాకుండా ఆ తర్వాత ఆదివారం అయితే? ఔల్స్ దాకా వెళ్లాలి కదా.

గవర్నర్‌పేట గేమర్:

అమ్మేయ్ అన్నా కదరా నేను 😅