ఫిల్మ్ ఫెస్టివల్స్ మీద పీహెచ్‌డీ, బ్రిటన్‌కి కొత్త: సలహాలు కావాలి

చిక్కడపల్లి: అందరికీ నమస్తే. ఈ సెప్టెంబర్‌లో ఇక్కడ ఫిల్మ్ స్టడీస్‌లో చేరాను. టాపిక్ హైదరాబాద్ ఫిల్మ్ ఫెస్టివల్స్, స్క్రీన్ కల్చర్ (అంటే ఊళ్లో జనం సినిమా చూసే తీరు). రెండో టర్మ్ నుంచి ఫస్టియర్ వాళ్లకి సెమినార్ కూడా తీసుకోమన్నారు. దేనితో మొదలుపెట్టాలి?

హబ్సిగూడ: తమ్ముడూ, టాపిక్ మరీ పెద్దగా ఉంది. ఒక్క ఫెస్టివల్ పట్టుకో. నన్నడిగితే అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం. 1995 నుంచి దానికి హైదరాబాదే శాశ్వత వేదికగా ఉండేది, 2017లో జరిగింది 20వది. 1986 ఫిల్మోత్సవ్ అనే అంతర్జాతీయ చిత్రోత్సవం కూడా మన ఊళ్లోనే జరిగింది గానీ, దాని మీద ఒక చాప్టర్ అయితే వస్తుంది, థీసిస్ రాదు.

అసలు పని కాగితాలది. బాలల ఉత్సవం నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని, డైరెక్టరేట్ ఆఫ్ ఫిల్మ్ ఫెస్టివల్స్‌ని, పుణే ఫిల్మ్ ఆర్కైవ్‌ని 2022లో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. కాబట్టి పాత కేటలాగ్ వెనకున్న అడ్రసుకు ఉత్తరాలు రాస్తూ కూర్చోకు. ఆర్టీఐ వెయ్యి. ఆన్‌లైన్‌లో ఇక్కడి నుంచే వేయొచ్చు, ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదు. హక్కు మాత్రం భారత పౌరులకే, విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు చూపిస్తే పనికిరాదు.

అడిగే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. ‘ఉత్సవం వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే తిప్పి పంపుతారు. ‘ఈ సినిమాని ఎందుకు తీసుకోలేదు’ అని రాసినా అంతే, ఎందుకుకి జవాబు చెప్పడం వాళ్ల పని కాదు, ఫైల్లో ఉన్నదే ఇస్తారు. సంవత్సరం, కాగితం పేరు కలిపి అడుగు: ‘2013 ఉత్సవానికి వచ్చిన ఎంట్రీల జాబితా, ఎంపిక కమిటీ సమావేశాల మినిట్స్, ఆడిట్ అయిన ఖర్చుల పట్టిక’. ఎంపికైన సినిమాలు కేటలాగ్‌లో ఎలాగూ ఉంటాయి. తిరస్కరించినవాటి జాబితా దొరికితే అది బంగారం.

మెహదీపట్నం: ఒక మాట కలుపుతాను. ఇక్కడి రీడింగ్ లిస్టుల్లో మరీకె డి వాల్క్ ఫిల్మ్ ఫెస్టివల్స్ మీద రాసిన 2007 పుస్తకం తప్పకుండా ఉంటుంది, చదవాలి కూడా. తను, స్కాడి లోయిస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఫిల్మ్ ఫెస్టివల్ రీసెర్చ్ నెట్‌వర్క్ వాళ్ల గ్రంథసూచి కూడా బాగా పనికొస్తుంది. కానీ వెనిస్ 1932, కాన్ 1946, బెర్లిన్ 1951 అంటూ సాగే యూరప్ చరిత్రను తెచ్చి మన ఊరి మీద కప్పొద్దు. మన దగ్గర 1952లో మొదటి అంతర్జాతీయ ఉత్సవం పెట్టిందే ప్రభుత్వం.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మనకు టికెట్ బదులు డెలిగేట్ పాస్ ఉంటుంది కదా, అక్కడ. సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాని బహిరంగంగా వేయకూడదు. ఫెస్టివల్స్ సినిమాల జాబితా, కథాసారాంశాలు ముందే సమాచార ప్రసార శాఖకు పంపి మినహాయింపు తెచ్చుకుంటాయి. వ్యాపార ప్రదర్శన కాదు, పేరు నమోదు చేసుకున్నవాళ్లకే అన్నది అందులో షరతు. పాస్ పుట్టింది అందుకే. దీనివల్ల చివరి నిమిషంలో సినిమా చేర్చడం కష్టం. పరిశోధనలో ఇంకో చిక్కు కూడా వస్తుంది. ఇక్కడి పద్ధతిలో ‘ఏ సినిమాకి ఎన్ని టికెట్లు తెగాయి’ అని లెక్కేయాలంటే నీకు అంకెలే ఉండవు, మొత్తం పాసుల సంఖ్యే ఉంటుంది. హాలు తలుపు దగ్గర నిలబడి, షో మొదలయ్యాక పది నిమిషాలకి ఒకసారి, ఇంటర్వెల్ ఉంటే అప్పుడోసారి తలలు లెక్కపెట్టుకోవాల్సిందే.

స్క్రీన్ కల్చర్ అని కూడా రాస్తావు కదా, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లను వదిలేయకు. అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ రాసినవి చదవకుండా హైదరాబాద్ ప్రేక్షకుల గురించి వాక్యం కూడా రాయొద్దు!

తార్నాక: ముందుగాల ఎథిక్స్ అప్రూవల్ తీసుకో, అంటే మనుషుల మీద పరిశోధనకు యూనివర్సిటీ ఇచ్చే అనుమతి. అది రాకముందు చేసిన ఇంటర్వ్యూ ఎంత బాగున్నా థీసిస్‌లో వాడనియ్యరు. సమ్మతి పత్రం తెలుగులో కూడా పెట్టు. పేరు తీసేస్తే సరిపోతది అనుకోకు. చిన్న ఫెస్టివల్‌లో ప్రింట్లు, సినిమాలున్న హార్డ్ డ్రైవులు తెప్పించే మనిషి ఒక్కరే ఉంటరు, ‘ఒక ఉద్యోగి’ అని రాసినా అందరికీ తెలిసిపోతది. హోదాని కూడా కొంచెం మార్చి రాయాలె. వాలంటీర్‌గా చేరి లోపల నోట్స్ రాసుకుంటనంటే నిర్వాహకులకు ముందే మెయిల్ పెట్టు, నోటిమాట చాలదు. వాట్సాప్ గ్రూప్ స్క్రీన్‌షాట్లు అడగకుండా వాడకు.

వీసా సంగతి జర గట్టిగ గుర్తుపెట్టుకో. టర్మ్‌లో పని వారానికి 20 గంటలు మించొద్దు, అన్ని ఉద్యోగాలూ కలిపి. సెమినార్ ప్రిపరేషన్, పేపర్లు దిద్దుడు కూడా జీతం గంటలైతే అందులోకే వస్తయి. పీహెచ్‌డీ వాళ్లకు ఎండాకాలం కూడా టర్మ్ కిందికే వస్తది, సెలవు అని లెక్కపెట్టరు. ఏదన్న ఫెస్టివల్ ‘ప్రోగ్రాం నోట్స్ రాసి ఇన్‌వాయిస్ పంపు’ అంటే ఒప్పుకోకు. అది స్వయం ఉపాధి, స్టూడెంట్ వీసాలో కుదరదు. ఫీల్డ్‌వర్క్‌కి హైదరాబాద్ పోయే ముందు కూడా యూనివర్సిటీకి చెప్పి పోవాలె.

చిక్కడపల్లి: చాలా థ్యాంక్స్ అన్నా. మరి సెమినార్‌లో ఏం చేయించాలి?

హబ్సిగూడ: వాళ్లతోనే ఒక రోజు ప్రోగ్రాం వేయించు. ఒక స్క్రీన్, నాలుగు షోలు, షోకి షోకి మధ్య 25 నిమిషాలు, స్క్రీనింగ్ ఫీజులకు ఒక బడ్జెట్. మొదటిసారి అందరూ సినిమాల నిడివే కూడుతారు, ప్రశ్నోత్తరాల టైమ్ మర్చిపోతారు. అప్పుడు రెండో చీటీ ఇవ్వు: ‘మూడో షో 40 నిమిషాలు లేటైంది, పక్క స్క్రీన్‌కి మార్చారు’. డీసీపీ అంటే థియేటర్లో వేసే డిజిటల్ సినిమా ఫైలు; దాన్ని తెరిచే కీ ఒక్క సర్వర్‌కి, ఒక్క వ్యవధికే పనిచేస్తుంది. స్క్రీన్ మారితే కొత్త కీ తెప్పించాలి, దాన్ని ఇప్పించాల్సిన సినిమా సేల్స్ ఏజెంట్ ఇంకో దేశంలో నిద్రపోతుంటాడు. ప్రోగ్రామర్ అభిరుచి గురించి నాలుగు వ్యాసాలు చదివినా రానిది ఆ గంటలో వస్తుంది.

క్లాసులో సినిమా వేయడానికి ఇక్కడి 1988 కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది, చూసేది విద్యార్థులు, టీచర్లు మాత్రమే అయితే. స్నేహితుల్ని, మన తెలుగు సంఘం వాళ్లని పిలిస్తే అది బయటి ప్రదర్శన, లైసెన్స్ కావాలి.

చిక్కడపల్లి: డిసెంబర్‌లో మూడు వారాలు ఊరెళ్తున్నాను. దేనికి ముందు?

మెహదీపట్నం: పాత పేపర్లకి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో మొదలుపెట్టు. ఉత్సవం జరిగిన వారమే కాదు, అంతకుముందు నెల కూడా తిరగేయి, వేదికల మీద, డబ్బు మీద గొడవలు అప్పుడే వార్తల్లోకి వస్తాయి. కేటలాగులు, పాసులు, షెడ్యూల్ కరపత్రాలు పాత ఫిల్మ్ క్లబ్ సభ్యుల ఇళ్లలో ఉంటాయి. అరువు అడగకు, అక్కడే కూర్చుని ఫోటో తీసుకో. అట్ట, వెనక అట్ట, ప్రకటనల పేజీలు కూడా తియ్యి, ఎవరు డబ్బు పెట్టారో ప్రకటనల్లోనే కనిపిస్తుంది.