మా పల్లి చేలల్లోకి నెమళ్లు వస్తున్నాయి. ఈ సంగతి ఎక్కడ నమోదు చేయాలి?

పల్లిచేను:
మాది వనపర్తి జిల్లాలో గుట్ట కింద ఊరు. మా నాయన చిన్నతనంలో నెమలిని చూడాలంటే నల్లమల దిక్కు పోవాల్సిందేనట. నేను బడికి పోయే రోజుల్లో గుట్ట మీద నుంచి అరుపు వినపడేది, పక్షి మాత్రం కనపడేది కాదు. ఇప్పుడు యాసంగి పల్లి విత్తగానే గుంపులుగా దిగి, సాలు వెంబడి విత్తనం ఏరుకు తింటున్నాయి. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాకే పెరిగాయని కొందరంటారు. వేట తగ్గిందని కొందరు, గుట్ట తవ్వేస్తుంటే ఎక్కడికి పోతాయని ఇంకొందరు. ఎవరి మాటకూ లెక్కల ఆధారం లేదు. నా ఫోన్‌లో ఫొటోలున్నాయి, ఎక్కడ పెడితే పనికొస్తాయి? పెడితే వేటగాళ్లకు దారి చూపినట్టవుతుందా? నెమళ్లున్నాయని అటవీ శాఖ మా పట్టా భూమి జోలికి వస్తుందేమోనని నాయనకు టెన్షన్.

పాలపిట్ట_పాలమూరు:
తమ్ముడూ, ముందు నాయనగారి టెన్షన్ తీరుద్దాం. ఫోన్‌లో పక్షుల జాబితా పెట్టినంత మాత్రాన పట్టా భూమి అడవి అయిపోదు. కాకపోతే నెమలి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ పక్షి, అంటే గట్టి రక్షణ ఉన్నది. చేనుకు నష్టం జరిగినా దాన్ని చంపడం, మందు పెట్టడం నేరం. ఈ మాట ఊళ్లో అందరికీ చెప్పండి.

నమోదుకు ఈబర్డ్ యాప్ వాడండి. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల వాళ్లది, డబ్బు కట్టక్కర్లేదు. అయితే నెమలి ఫొటో ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. పొద్దున చేను చుట్టూ పావుగంట నడవండి. కాకి, గోరింక, కొంగ, పాలపిట్ట, కౌజు, గుర్తుపట్టిన ప్రతి పక్షినీ రాయండి. కనపడకపోయినా అరుపు విని గుర్తుపడితే అదీ రాయొచ్చు. చివర్లో ‘గుర్తించినవన్నీ రాశారా’ అని అడుగుతుంది, అవునని నొక్కండి. నెమలి రాని రోజు కూడా ఇలాగే జాబితా పెట్టండి. నేను అందరికీ పట్టుబట్టి చెప్పేది ఇదే.

ఎందుకంటే వచ్చిన రోజే రాస్తే, నెమళ్లు పెరిగాయా, ఫోన్లున్నవాళ్లు పెరిగారా అన్నది తేలదు. నూరు జాబితాల్లో ఎన్నింట్లో నెమలి ఉందో చూస్తేనే పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. 2023లో వచ్చిన ‘భారత పక్షుల స్థితి’ నివేదికకు ఆధారం ఇలాంటి జాబితాలే. సుమారు 30 వేల మంది రాసిన 3 కోట్ల పైచిలుకు నమోదులతో 942 జాతుల పరిస్థితి చూశారు. బాగా పెరిగిన పక్షుల్లో నెమలి ఒకటని తేలింది. కానీ దేశం మొత్తానికి చెప్పిన ఆ మాట మీ ఊరి కథ చెప్పదు. నగరాల పక్క చెరువుల నుంచి జాబితాలు బోలెడు వస్తాయి, పల్లి చేల నుంచి వచ్చేవి తక్కువ. మీరు రాస్తే ఆ వెలితి కొంత పూడుతుంది.

వేటగాళ్ల భయం మాత్రం నిజమే. నడక ఊరి బాట దగ్గర మొదలుపెట్టి, ఆ చోటునే మ్యాపులో పెట్టండి. గూడు, గుడ్ల ఫొటోలు ఎక్కడా పెట్టొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు. అలుగు లాంటి జంతువు కనపడితే, అన్ని రకాల జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. ప్రమాదంలో ఉన్న జాతులకు అసలు చోటు బయటికి చూపించదు.

త్రిస్సూర్_తెలుగోడు:
ఇక్కడ కేరళలోనూ ఇదే కథ. పాలక్కాడ్ జిల్లా చూలన్నూర్‌లో నెమళ్ల కోసం అభయారణ్యమే ఉంది. ఇప్పుడు త్రిస్సూర్ వరి పొలాల్లోనూ తిరుగుతున్నాయి. నెమలికి తడి అడవి పడదు, పొడి నేల కావాలి. వాతావరణం మారి రాష్ట్రంలో దానికి అనువైన చోట్లు పెరుగుతాయని ఇక్కడి పరిశోధకులు 2020లో అంచనా వేశారు. అప్పటికి 19 శాతం నేల బాగా అనువుగా ఉందని లెక్కగట్టారు. మీ దగ్గర కారణం వేరే కావచ్చు. మీది ముందు నుంచీ పొడి నేలే కదా.

పల్లిచేను:
అన్నా, చేను దగ్గర సిగ్నల్ ఉండదు. ఇంకొకటి, నాయనకు, పెద్దమనుషులకు గుర్తున్న పాత సంగతులు కూడా ఎక్కించొచ్చా?

పాలపిట్ట_పాలమూరు:
సిగ్నల్ లేకున్నా యాప్ పనిచేస్తుంది. మీ ప్రాంతం పక్షుల ప్యాక్ (పక్షుల పేర్ల జాబితా) యాప్‌లో ముందే దించుకోండి, చేను దగ్గర రాసింది ఇంటికొచ్చాక పంపండి.

జ్ఞాపకాలు మాత్రం యాప్‌లో ఎక్కించొద్దు, దానికి కచ్చితమైన తారీఖు కావాలి. వాటికి ఒక నోట్‌బుక్ పెట్టండి. ‘ఏ సంవత్సరం’ అని అడిగితే పెద్దవాళ్లు చెప్పలేరు. ‘2009 కృష్ణ వరదకు ముందా, తర్వాతా’, ‘చిన్నబిడ్డ పెళ్లప్పటికి గుట్ట దిగినయా’ అని అడగండి, టక్కున చెప్తారు. ఎవరు చెప్పారో, వాళ్ల వయసెంతో, ఏ చేను దగ్గరో పక్కన రాయండి. కాలువ నీళ్లు మీ ఊరికి ఏ ఏడు వచ్చాయో అదే నోట్‌బుక్‌లో ఉండాలి. నీళ్ల వల్లే అంటున్నవాళ్ల మాట నిలుస్తుందో లేదో తేల్చడానికి అది కావాలి. ఆ కాలువ పారని పక్క ఊళ్లో కూడా ఇవే అడిగించండి. పేజీలు ఫొటో తీసి ఇక్కడ పెట్టేముందు మనుషుల పేర్లు కనపడకుండా చూడండి.